హెచ్‌పీవీ పాజిటివ్ అన్నారు... గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: మేడమ్, నాకు 38 ఏళ్లు. మాది కోనసీమలో ఒక పల్లెటూరు. మావారు కువైట్‌లో డ్రైవర్. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి వెళ్తారు. పాపకి 13, బాబుకి 9. తెల్లబట్ట ఎక్కువగా అవుతోందని టౌన్‌లో చూపించుకుంటే ఏవో పరీక్షలు రాశారు. హెచ్‌పీవీ పాజిటివ్ అని వచ్చింది. ఇది కలయిక వల్ల అంటుకునే వైరస్ అనీ, క్యాన్సర్ అవుతుందనీ అన్నారు. మా ఊళ్లో వైద్యం చేసే ఆయనకి రిపోర్టు చూపిస్తే, తనకు తెలిసిన నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి తీయించేస్తే ఇక భయమే ఉండదన్నారు. వచ్చే వారం అడ్వాన్స్ కట్టాలి. నాకు మావారు తప్ప వేరే మగమనిషి తెలియదు. ఈ మాట ఆయనకు చెబితే నన్ను అనుమానిస్తారేమో అని భయం. చెప్పకుండా ఉంటే, ఆయనే అక్కడ ఏమైనా చేశారేమో అని మనసు తొలిచేస్తోంది. నిద్ర పట్టడం లేదు. ఈ జబ్బు ఆడవాళ్లకే ఇంతగా ఎందుకొస్తుంది? మా పాపకి కూడా వస్తుందా?
– ఒక సోదరి, కోనసీమ

సమాధానం: అమ్మా, వచ్చే వారం అడ్వాన్స్ అన్నారు కాబట్టి ముందు ఆ మాట చెబుతాను. కట్టకండి. ఈ రిపోర్టుకి గర్భసంచి తీయడం వైద్యం కాదు.

మీరు ఉత్తరంతో పంపిన రెండు కాగితాలూ జాగ్రత్తగా చూశాను. మొదటిది హెచ్‌పీవీ పరీక్షది, అందులో వైరస్ రకాల వారీగా మూడు వరసలున్నాయి. హెచ్‌పీవీ 16 నెగెటివ్. హెచ్‌పీవీ 18 నెగెటివ్. ఇతర హై రిస్క్ రకాలు పాజిటివ్. రెండో కాగితం పాప్ స్మియర్‌ది. గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాలు తీసి, మైక్రోస్కోప్ కింద చూసి, తేడా ఏమీ లేదని రాశారు. రెండూ కలిపి చదివితే వైరస్ ఉంది గానీ కణాల్లో మార్పు కనబడలేదని అర్థం. క్యాన్సర్ ఉందని ఈ కాగితాల్లో ఎక్కడా లేదు. క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పులు కూడా కనిపించలేదు. పాప్ స్మియర్ ఒక్కోసారి చిన్న మార్పును పట్టుకోలేకపోవచ్చు, అందుకే ఏడాదికి మళ్లీ పరీక్ష చేయించుకోమంటాం. అంతే తప్ప ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన అవసరం ఇప్పుడు మీకు లేదు.

ఈ ఒక్క విషయం మీద నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లలో మన దగ్గర నూటికి ఎనిమిది, తొమ్మిది మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. దేశం సగటు మూడు దగ్గర ఉంది. తెల్లబట్ట అన్నా, నడుంనొప్పి అన్నా, నెలసరి ఎక్కువైందన్నా, ‘తీసేస్తే పోలా, పిల్లలు పుట్టేశారుగా’ అనేస్తారు. నా ఓపీకి ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ల వయసులో ఒళ్లంతా ఆవిర్లు, కీళ్ల నొప్పులు అంటూ వచ్చే ఆడవాళ్లను అడిగితే, చాలామందికి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటారు. అండాశయాలు అంత చిన్న వయసులో పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అవి ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా, ముట్లు ఆగిపోయే దశ కాస్త ముందే వచ్చే అవకాశం ఉంది.

పైగా దానివల్ల వైరస్ పోదు. హెచ్‌పీవీ ముఖద్వారం దగ్గరే కాదు, యోని గోడల చర్మంలో కూడా ఉంటుంది. గర్భసంచి వెళ్లిపోయినా అది అక్కడ ఉండవచ్చు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎవరికైనా నిజంగా లోపల క్యాన్సర్ మొదలై ఉంటే, ముందు సరిగా చూడకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీసేయడం ఆమెకు మేలు చేయకపోగా తర్వాతి వైద్యాన్ని చిక్కుల్లో పడేస్తుంది. క్యాన్సర్‌కి చేసే ఆపరేషన్ వేరు, దానికి ముందు చేయాల్సిన పరీక్షలు వేరు. అందుకే ఎటు చూసినా ఇప్పుడు ఆ పని వద్దు.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. ఆడవాళ్లకే ఇంతగా ఎందుకొస్తుంది?

నిజానికి ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకీ అంతే విరివిగా వస్తుంది. ప్రపంచంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరి జననాంగాల దగ్గర ఏదో ఒక రకం హెచ్‌పీవీ ఉందని 2023లో ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. వాళ్లకు ఆ సంగతే తెలియదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. పైగా మగవాళ్లకు మామూలుగా చేసే హెచ్‌పీవీ పరీక్ష అంటూ లేదు. పరీక్ష మనకే చేస్తారు, కాగితం మీద ‘పాజిటివ్’ అనే మాట మన పేరు పక్కనే పడుతుంది. అందుకని ఇది ఆడవాళ్ల జబ్బులాగా, ఆడదే తెచ్చుకున్నట్టుగా లోకానికి కనబడుతుంది. ఆ మాట నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

దీన్ని ఒక్క వైరస్ అనుకోకండి. పెద్ద కుటుంబం, 200కు పైగా రకాలున్నాయి. పిల్లల చేతులమీద, పాదాలమీద వచ్చే పులిపిర్లు కూడా ఈ కుటుంబంలో వాటివల్లే. ఓ 40 రకాలు జననాంగాల చర్మానికి వస్తాయి. వాటిలో 12 నుంచి 14 రకాలను హై రిస్క్ అంటాం, అంటే ఏళ్ల తరబడి ఉండిపోతే క్యాన్సర్‌కి దారితీయగలవి. ప్రపంచంలో ముఖద్వార క్యాన్సర్లలో నూటికి 70 దాకా 16, 18 అనే రెండు రకాల వల్లే వస్తున్నాయి. మీ రిపోర్టులో ఆ రెండూ లేవు.

మరి ఇంత సులువుగా ఎలా అంటుకుంటుంది? ఇది రక్తంలో తిరిగే వైరస్ కాదు, చర్మం నుంచి చర్మానికి వెళ్లేది. కలయికలో కంటికి కనబడనంత చిన్న గీతలు పడతాయి, వాటిలోంచి చర్మం అడుగు పొరలోకి దిగుతుంది. కండోమ్ చాలావరకు కాపాడుతుంది గానీ అది కప్పని చర్మం కూడా తగులుతుంది కాబట్టి పూర్తిగా ఆపలేదు. ఒకసారి లోపలికి దిగాక అది చేసే పని చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది. మన చర్మం అడుగున పుట్టిన కణాలు మెల్లగా పైకి వస్తూ, చివరికి పొట్టులా రాలిపోతాయి కదా. ఈ వైరస్ ఆ కణాలతో పాటే పైకి వస్తూ, దారిలో తన సంతానాన్ని పెంచుకుని, రాలిపోయే కణంతో పాటు బయటపడుతుంది. కణాన్ని పగలగొట్టదు, రక్తంలోకి దిగదు, జ్వరం రానివ్వదు. కుక్క మొరిగితే కదా ఇంట్లోవాళ్లు లేచేది! మన ఒంట్లో కాపలా కాసే రోగనిరోధక శక్తికి దీని అలికిడి తెలియడానికే నెలలు పడుతుంది. ఈలోపు ఆ మనిషికి ఏ లక్షణమూ ఉండదు కాబట్టి తెలియకుండానే ఇంకొకరికి వెళ్తుంది. అందుకే కాపురం చేసే ఆడా మగా దాదాపు అందరికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక హెచ్‌పీవీ వచ్చి పోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వచ్చి పోతుంది అన్నాను, గమనించారా? అదే ముఖ్యం. నూటికి 90 మందిలో రెండేళ్లలోపు ఒళ్లే దాన్ని అణచివేస్తుంది. మందు అక్కర్లేదు. అసలు ఈ వైరస్‌ను చంపే మందు ఇంతవరకూ లేదు, కాబట్టి వైరస్ పోవడానికి కోర్సు అంటూ ఎవరైనా వేల రూపాయల ఇంజెక్షన్లు, పొడులు అమ్మితే కొనకండి.

వైరస్ ఇద్దరికీ సమానంగా వస్తున్నప్పుడు క్యాన్సర్ మాత్రం ఆడవాళ్లకే ఎక్కువగా ఎందుకు? దానికి కారణం ముఖద్వారం తయారైన తీరు. ముఖద్వారం బయటివైపు చర్మం మన బుగ్గ లోపలి చర్మంలా పొరలు పొరలుగా మందంగా ఉంటుంది. లోపలివైపు ఒకే ఒక పలచని పొర. ఈ రెండూ కలిసే చోట ఒక సరిహద్దు ఉంది. మీరు కోనసీమ వాళ్లు కాబట్టి చెబుతున్నాను, అంతర్వేది దగ్గర గోదారి సముద్రంలో కలిసేచోట నీళ్లు ఎలా ఉంటాయో చూసే ఉంటారు. అటు ఉప్పునీరూ కాదు, ఇటు మంచినీరూ కాదు, ఒక్క పూటా ఒకలా ఉండదు. ముఖద్వారంలో ఆ సరిహద్దు కూడా అలాంటిదే. వయసుకు వచ్చినప్పటి నుంచీ అక్కడి కణాలు పలచని రకం నుంచి మందం రకంలోకి మారుతూనే ఉంటాయి. మారే కణం అంటే వైరస్‌కి ఇష్టం. చాలామందిలో ఏమీ కాదు. కొందరిలో హై రిస్క్ రకం ఏళ్ల తరబడి వదలకుండా ఉండిపోయి, కణం అదుపు తప్పకుండా చూసే రెండు ప్రోటీన్లను పనిచేయనివ్వకుండా చేస్తుంది. బ్రేకులు పోయిన బండి అయిపోతుంది ఆ కణం. మగవాళ్ల శరీరంలో జననాంగం మీద ఇలాంటి సరిహద్దు లేదు. వాళ్లకూ ఈ వైరస్ వల్ల అక్కడా, గొంతులో, మలద్వారం దగ్గర క్యాన్సర్లు వస్తాయి గానీ మనకు వచ్చినంతగా కాదు.

ఇదంతా రాత్రికి రాత్రి జరిగేది కాదు. వైరస్ వచ్చిన నాటి నుంచి క్యాన్సర్ దాకా మామూలు ఆరోగ్యం ఉన్న స్త్రీలో 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని వాళ్లలో ఐదు నుంచి పదేళ్లే. అంత పొడుగు సమయం ఇచ్చే క్యాన్సర్ ఇంకొకటి చెప్పమంటే నాకు చప్పున తట్టదు. అయినా 2022లో మన దేశంలో లక్షా 27 వేల మందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. ఎందుకంటే 30 నుంచి 49 ఏళ్ల వాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 2019-21 సర్వే నాటికి నూటికి ఇద్దరు కూడా లేరు. ఇరవై ఏళ్ల గడువు ఉన్నా ఎవరూ వెళ్లి చూడలేదు. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా 30 వేల మంది స్త్రీలతో ఒక అధ్యయనం చేశారు. 30 దాటినవాళ్లకు జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవాళ్లకు వైద్యం చేస్తే, ఎనిమిదేళ్లలో ఆ గుంపులో ఈ క్యాన్సర్ చావులు సగానికి సగం తగ్గాయి. 2009లో ఆ ఫలితం వచ్చింది. వాళ్లూ మనలాంటి పల్లెల ఆడవాళ్లే, పొలం పనులకు పోయేవాళ్లే. అందుకే మీకు పరీక్ష రాసిన ఆ టౌన్ డాక్టరు మంచి పని చేశారంటాను. విడమరిచి చెప్పే తీరిక వాళ్లకు లేకపోయింది, అంతే.

ఇప్పుడు మీ మనసును తొలిచేస్తున్న మాటకు వస్తాను. ‘ఆయన తప్పు చేశారా?’

ఆ కాగితం చూసి నేను చెప్పలేను. ఏ డాక్టరూ చెప్పలేరు. ఈ వైరస్ ఎక్కువగా కలయిక వల్లే వస్తుంది, ఆ మాట నేను దాచను. కానీ ఎప్పుడు వచ్చిందో, నిరుడో పదిహేనేళ్ల కిందటో తేల్చే పరీక్ష లేదు. ఒళ్లు అణచివేసిన వైరస్ చర్మం అడుగు పొరలో చడీచప్పుడు లేకుండా ఏళ్లకేళ్లు ఉండి, వయసు మీద పడ్డప్పుడో, నీరసించినప్పుడో మళ్లీ బయటపడవచ్చు. పెళ్లినాడు ఆయన వెంట వచ్చింది ఈ రోజు మీ పరీక్షలో కనబడి ఉండొచ్చు. ఆయన పెళ్లికి ముందు సంగతి మీకు తెలియదు, ఆయన ఒంట్లో ఏముందో ఆయనకే తెలియదు. జీవితంలో భర్తను తప్ప ఎవరినీ ఎరగని స్త్రీలలో పాజిటివ్ రావడం నేను తరచూ చూస్తాను. ఏడడుగులు నడిచిన మనిషితో కాపురం చేయడం ఒక్కటే వాళ్లు చేసింది.

ఈ జబ్బుకి నింద అంటుకోవడం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1842లో ఇటలీలోని వెరోనాలో రిగోని-స్టెర్న్ అనే డాక్టరు చావుల లెక్కలు తిరగేసి, ఈ క్యాన్సర్ పెళ్లయిన స్త్రీలలో ఎక్కువనీ, సన్యాసినుల్లో చాలా అరుదనీ గమనించాడు. కలయికతో ఏదో సంబంధం ఉందని అప్పుడే అర్థమైంది గానీ ఆ ఏదో ఏమిటో తెలియడానికి 140 ఏళ్లు పట్టింది. జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ సుర్ హౌసెన్ 1983లో హెచ్‌పీవీ 16ను, మరుసటి ఏడు 18ని ఈ క్యాన్సర్ కణాల్లో పట్టుకున్నాడు. దానికే 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మధ్యలో ఆ 140 ఏళ్లూ ఈ జబ్బు వచ్చిన స్త్రీ నడవడిక మీదే లోకం వేలు చూపించింది. చివరికి దొరికింది ఒక వైరస్. జలుబు చేసినవాళ్లను నడవడిక గురించి అడగం కదా.

ఆయన మీద మీకు వేరే కారణాలతో అనుమానం ఉంటే, అది వేరే మాట. దాన్ని మీరిద్దరూ మాట్లాడుకోవాలి. కానీ ఈ కాగితాన్ని సాక్ష్యంగా పెట్టుకుని కాపురంలో పంచాయితీ పెట్టకండి. ఆయన మిమ్మల్ని అనుమానించడానికీ ఈ కాగితంలో ఏమీ లేదు.

ఇక చేయాల్సిన పనులు. మీకు 16, 18 లేవు, పాప్ స్మియర్ బాగుంది కాబట్టి సరిగ్గా ఏడాదికి మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోండి. అప్పటికి నెగెటివ్ వస్తే చాలా సంతోషం, మీ డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ చేయించుకుంటూ ఉంటే సరిపోతుంది. ఇంకా పాజిటివ్‌గానే ఉంటే కాల్పోస్కోపీ చేస్తారు. పేరు వినడానికి భయంగా ఉంటుంది గానీ, భూతద్దం లాంటి పరికరంతో బయటి నుంచే ముఖద్వారాన్ని చూడటం. వెనిగర్ లాంటి పలచని ద్రావణం పూస్తారు, మారిన కణాలు ఉంటే ఆ చోటు తెల్లగా కనబడుతుంది. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. అక్కడ మార్పు తేలినా, ఆ కాస్త భాగాన్నే వేడితోనో, చలవతోనో మాడ్చేస్తారు, లేదా సన్నని కరెంటు తీగతో తీసేస్తారు. చాలాసార్లు అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. గర్భసంచి మొత్తం తీయాల్సిన అవసరం అప్పుడు కూడా అరుదే.

ఇదే రిపోర్టులో 16 గానీ 18 గానీ పాజిటివ్ వచ్చి ఉంటే ఏడాది ఆగమని చెప్పేదాన్ని కాదు, పాప్ స్మియర్ బాగున్నా సరే వెంటనే కాల్పోస్కోపీకి వెళ్లమనేదాన్ని. ఇది చదివే మిగతా అక్కచెల్లెళ్లు తమ కాగితంలో ఆ వరస చూసుకోండి.

తెల్లబట్ట సంగతి వేరు. హెచ్‌పీవీ వల్ల మామూలుగా తెల్లబట్ట అవదు. దురద, వాసన ఉంటే అది వేరే ఇన్ఫెక్షన్, దానికి వారం పదిరోజుల మందులతో తగ్గిపోతుంది, విడిగా చూపించుకోండి. కలయిక తర్వాత రక్తం కనబడినా, నెలసరికీ నెలసరికీ మధ్య ఎర్రగా అయినా, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడినా, నీసు వాసనతో నీళ్లలా పోతున్నా మాత్రం గడువు చూడకండి. రిపోర్టు ఏం చెప్పినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో ఐసీటీసీ అని ఒక గది ఉంటుంది, అక్కడ హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా, గుట్టుగా చేస్తారు. ఒక్కసారి చేయించుకోండి. ఎవరి మీదా అనుమానంతో చెప్పడం లేదు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ కాబట్టి, పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను అదే చెబుతాను. పొగాకు వాడే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ సాకుతో మాన్పించండి. మన తీరప్రాంతంలో పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ చుట్ట కాలుస్తారు, ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు అడ్డపొగ కూడా పీలుస్తారు. పొగ తాగే స్త్రీల ఒంట్లో ఈ వైరస్ త్వరగా వదలదు.

మీ పిల్లల్ని ముద్దు పెట్టుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు, అందరి బట్టలూ కలిపి ఉతకవచ్చు. మీవారు వచ్చినప్పుడు మామూలుగానే కాపురం చేయవచ్చు. ఆయన ఏ పరీక్షా చేయించుకోనక్కర్లేదు. జననాంగాల దగ్గర పులిపిర్లలాంటివి కనబడితే మాత్రం డాక్టరుకు చూపించమనండి. అవి వేరే రకాల హెచ్‌పీవీ వల్ల వస్తాయి, వాటిని సులువుగా తగ్గించవచ్చు.

ఇక పాప. ఆపరేషన్‌కి అని దాచిన డబ్బు ఉంటే అందులో కొంత పాప టీకాకి వాడండి, ఇంతకంటే మంచి ఖర్చు నాకు తోచడం లేదు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య, వైరస్ తారసపడక ముందే వేస్తే ఈ టీకా బాగా పనిచేస్తుంది. మీ పాపకి 13, సరైన వయసు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావ్యాక్ 2023 నుంచి దొరుకుతోంది, 6, 11, 16, 18 రకాల నుంచి కాపాడుతుంది. గార్డసిల్ అనే విదేశీ టీకా కూడా ఉంది. 15 ఏళ్ల లోపు ఆరు నెలల తేడాతో రెండు డోసులు వేస్తారు. ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ప్రభుత్వం తరఫున ఉచితంగా మీ దగ్గర ఎప్పుడు వేస్తారో మీ ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో అడగండి. ముందు అదే కనుక్కుని, తర్వాతే ప్రైవేటుకి వెళ్లండి.

మీ అత్తగారో, ఇరుగుపొరుగో ‘ఈ టీకా వేస్తే ఖమ్మంలో పిల్లలు చచ్చిపోయారు’ అనొచ్చు. ఆ మాట నేను ఇప్పటికీ వింటాను, కొట్టిపారేయను కూడా. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు ఒక అధ్యయనం పేరిట ఈ టీకా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. తర్వాత కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు కారణాలు టీకాతో సంబంధం లేనివని తేలింది. పాము కాటు, నీళ్లలో పడిపోవడం, పురుగుమందు, జ్వరం లాంటివి. కానీ చాలాచోట్ల తల్లిదండ్రుల అనుమతి తీసుకోలేదనీ, వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారనీ కూడా తేలింది. 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకాలో దోషం లేదు. కన్నవాళ్లకు చెప్పకుండా పిల్లల చేయి పట్టుకోవడం మాత్రం పెద్ద తప్పు, దాని ఫలితంగా మన దగ్గర తల్లులు పదేళ్లకు పైగా ఈ టీకాకు దూరమయ్యారు. అదే సమయంలో దేశంలో వేరేచోట్ల జరుగుతున్న ఇంకో అధ్యయనాన్ని కూడా మధ్యలో ఆపించారు. దాంతో కొందరు పిల్లలకు మూడు డోసులు, కొందరికి రెండు, కొందరికి ఒక్కటే పడ్డాయి. వాళ్లను పదేళ్లు గమనిస్తే, ఒక్క డోసు పడినవాళ్లలో కూడా దాదాపు ఎవరికీ 16, 18 రకాలు పాతుకోలేదు. ఈ రోజు ఒక్క డోసు చాలంటున్నారంటే దానికి ఆధారమైన వాటిలో మన దేశపు ఆ ఆడపిల్లలూ ఉన్నారు.

ఈ టీకాలో వైరస్ ఉండదు. దాని పైతొడుగు మాత్రమే ఉంటుంది, పలుకు లేని వేరుశనగ తొక్కలాగ. జబ్బు పుట్టించే పదార్థం లోపల ఏదీ లేదు. చేయి నొప్పి, కాస్త జ్వరం రావచ్చు, కొందరు పిల్లలు సూది భయంతో కళ్లు తిరిగి పడతారు కాబట్టి వేసిన తర్వాత పావుగంట కూర్చోబెడతారు. పిల్లలు పుట్టరనే మాటలో నిజం లేదు. స్కాట్లండ్‌లో 2008 నుంచి బడిలోనే ఈ టీకా వేస్తున్నారు. అక్కడ 12, 13 ఏళ్లకు వేయించుకున్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక చూస్తే, వాళ్లలో ఒక్కరికి కూడా ముఖద్వార క్యాన్సర్ రాలేదని 2024లో ప్రకటించారు. మీ పాప ఈ జబ్బు పేరు మర్చిపోయే తరంలో ఉండగలదు. అయినా పెళ్లయి 30 దాటాక తను కూడా పరీక్ష చేయించుకోవాలి, టీకా అన్ని రకాలనూ ఆపదు.

మీకు ఇప్పుడు టీకా వేసినా ఉన్న వైరస్ పోదు. కొన్ని దేశాల్లో మగపిల్లలకూ వేస్తున్నారు. మీకు వీలుంటే బాబుకి తర్వాత చూద్దాం, డబ్బు ఒక్కరికే సరిపోతే పాపకే.

మీవారికి చెప్పాలా అని అడిగారు. చెప్పండి, కానీ ఉత్తరంలోనో వాట్సాప్ మెసేజ్‌లోనో కాదు. ఆయన డ్యూటీ దిగి, భోజనం చేసి, తీరిగ్గా ఉన్నప్పుడు ఫోన్‌లో మాట్లాడండి. ఇలా మొదలుపెట్టవచ్చు: ‘ఏమండీ, ఆ మధ్య పరీక్షలు చేయించుకున్నాను కదా. క్యాన్సర్ లేదన్నారు. కాకపోతే ఒక వైరస్ ఉందట, కాపురం చేసే ఆడా మగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదేనట, చాలామందికి దానంతట అదే పోతుందట. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరట. ఏడాదికి మళ్లీ చూపించుకోవాలి. ఆపరేషన్ అన్నారు గానీ, అవసరం లేదని పెద్ద డాక్టరు చెప్పారు. పాపకి టీకా వేయిద్దాం.’ ఇందులో నిందా లేదు, సంజాయిషీ లేదు. ఆయన గొంతు మారితే, అనుమానంగా ఏదైనా అడిగితే, ఈ సమాధానం ఫొటో తీసి పంపండి. నేను రాసింది మీ ఇద్దరికీ కలిపే.

ఆ నర్సింగ్ హోమ్‌కి ఇప్పుడు రావడం లేదని ఒక్క మాట చెప్పేయండి, కారణం చెప్పక్కర్లేదు. మీ రెండు రిపోర్టులూ ప్లాస్టిక్ కవరులో పెట్టి పిల్లల మార్కుల కాగితాలతో పాటు భద్రం చేయండి, వచ్చే ఏడాది డాక్టరుకు అవే ముందు కావాలి. పరీక్ష చేయించిన తేదీ వాటి మీద ఉంది. వచ్చే ఏడాది అదే వారానికి గుర్తుగా పాప ఫోన్‌లో అలారం పెట్టించుకోండి. ఆ రిపోర్టు వచ్చాక, అందులో ఏమున్నా సరే, నాకు మళ్లీ రాయండి.